బండ్లు రాని కొండదారులు: సైకిల్ సందేహాలు

ఈ నెల కృష్ణకు రెండు ఒడ్డుల నుంచీ వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. లారీ హారన్లు, కార్ల పొగ లేని తారురోడ్డు మీద, కొండల మధ్య, వీలైతే అగ్నిపర్వతాలు పోసిన నేల మీద సైకిలు తొక్కాలన్న కోరిక మన జిల్లాలలో ఇంతమందికి ఉందని నేను అనుకోలేదు. అందుకే సీటు ఎత్తు, చెయిన్ నూనె వంటి ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 54. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. రోజూ తెల్లవారుజామున అమరావతి రోడ్డులో 20 కిలోమీటర్లు సైకిలు తొక్కుతాను. మా అమ్మాయి అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఉంటోంది. మే నెలాఖరుకు నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్తున్నాం. అక్కడ లావా గడ్డకట్టిన నేల మీదుగా వెళ్ళే ఒక కొండరోడ్డు మీదకు ఏటా కొన్ని వారాల పాటు కార్లను రానివ్వరని, సైకిళ్ళను మాత్రం రానిస్తారని అమ్మాయి చెబుతోంది. ఇది నిజమేనా? నాబోటివాడు అది ఎక్కగలడా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఆ దారి పేరు మెకంజీ పాస్. కాస్కేడ్ పర్వతశ్రేణిని అడ్డంగా దాటే 242వ నంబరు రహదారి మీద, సముద్రమట్టానికి 5,325 అడుగుల ఎత్తున, అంటే సుమారు 1,623 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ అది. శీతాకాలంలో పడే మంచు కారణంగా ఆ రోడ్డును పూర్తిగా మూసేస్తారు. వసంతంలో మంచు తొలగించాక కూడా మోటారు వాహనాలకు గేట్లు వెంటనే తీయరు. జూన్ నెల మూడో సోమవారం దాకా అవి మూసే ఉంటాయి. ఈలోపు సైకిళ్ళవాళ్ళూ నడిచేవాళ్ళూ గేటు పక్కనుంచి లోపలికి వెళ్ళవచ్చు. మీరు మే నెలాఖరుకు చేరుకుంటున్నారు కాబట్టి మీ చేతిలో రెండు మూడు వారాలు ఉంటాయి. ప్రయాణపు అలసట తీరాక చూద్దాంలే అని ఆ సోమవారం దాటనిచ్చారంటే, అదే రోడ్డు మీద కార్ల వెనక తొక్కవలసి వస్తుంది.

ఆ రోడ్డును అంత నిశ్చింతగా మూసి ఉంచడానికి ఒక కారణం ఉంది. అదే పర్వతశ్రేణిని దాటడానికి దానికి ఉత్తరంగా, ఏడాది పొడవునా తెరిచి ఉండే వెడల్పాటి రహదారి మరొకటి ఉంది. సరుకు లారీలూ దూరప్రయాణాల బస్సులూ దాని మీదే పోతాయి. పాత కొండదారి ఇరుకు, మలుపులు దగ్గరదగ్గర. వేసవిలో తెరిచాక కూడా 35 అడుగుల కంటే పొడవైన బండ్లను దాని మీదకు రానివ్వరు. అంటే ఆ దారిని కొన్నాళ్ళు సైకిళ్ళకు వదిలేస్తే ఎవరి పనీ ఆగిపోదు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. కింద చివరి జవాబులో మన ఊళ్ళ గురించి చెప్పేటప్పుడు దీని అవసరం మళ్ళీ పడుతుంది.

ఇక మీరు ఎక్కగలరా అన్న ప్రశ్న. తూర్పున సిస్టర్స్ అనే చిన్న ఊరు ఉంది. అదే సుమారు 3,180 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి కనుమ దాకా సుమారు 24 కిలోమీటర్ల దూరంలో దాదాపు 650 మీటర్లు ఎక్కాలి. లెక్క వేస్తే కిలోమీటరుకు సగటున 27 మీటర్లు, అంటే నూటికి మూడు కన్నా తక్కువ. రోజూ 20 కిలోమీటర్లు తొక్కేవారికి ఇది అందని ఎత్తు కాదు. పడమటి వైపు నుంచి అయితే దూరమూ ఎక్కువే, ఎక్కవలసిన ఎత్తూ చాలా ఎక్కువే కనుక, మొదటిసారి వెళ్ళే మీరు తూర్పు వైపునే ఎంచుకుని, పైకి వెళ్ళి అదే దారిన తిరిగి రావడం మంచిది. అంత ఎత్తులో గాలి కొంచెం పలచగా ఉంటుంది కాబట్టి మొదటి గంటలో ఆయాసం మామూలు కంటే ముందే వస్తుంది. అప్పుడు వేగం తగ్గించండి గాని, దిగి కూర్చోకండి. శరీరం చల్లబడితే మళ్ళీ ఎక్కడం కష్టమవుతుంది.

అద్దెకు తీసుకునే సైకిలుకు ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికి కూడా 34 పళ్ళు ఉండేలా చూసుకోండి. అప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం కూడా ఒక్క చుట్టే తిరిగి, బండి సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్ల చొప్పున తొక్కినా గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. గేర్లు లేని సైకిలు మీద అంత నెమ్మదిగా కొండ ఎక్కాలంటే మోకాళ్ళ మీద పడే బరువుకు నాలుగైదు కిలోమీటర్లకే మనిషి కూలబడిపోతాడు. గేరు ఉంటే అదే పని చిన్న చిన్న తొక్కుళ్ళుగా పంచుకున్నట్టు సాగుతుంది. ఎక్కడంలో నెమ్మదితనానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, మీరూ పడకండి.

బయలుదేరే ముందు అలవాటు కోసం మీకు దగ్గరలోనే కొండవీడు ఉంది. రెడ్డిరాజుల కోటకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద నెలకు నాలుగు ఉదయాలు ఎక్కి దిగండి. ఎక్కడం ఎలాగూ వస్తుంది, నేర్చుకోవలసింది దిగడమే. చాలా ఏళ్ళ కిందట, రిమ్మును రబ్బర్లు పట్టుకునే పాతరకం బ్రేకులున్న సైకిలు మీద ఆ ఘాట్‌ను రెండు బ్రేకులూ నొక్కిపట్టుకునే దిగాను. కింద ఆగి ట్యూబు చూద్దామని రిమ్ము మీద చూపుడువేలు పెడితే, వేడి పెనం అంటుకున్నట్టు చురుక్కుమని తోలు పొంగింది. రబ్బరు మాడిన వాసన చొక్కాకు కూడా పట్టింది. అప్పటి నుంచి మలుపుకు ముందే గట్టిగా నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేసి, రిమ్ముకు గాలి తగలనిచ్చి, మళ్ళీ తర్వాతి మలుపు ముందు నొక్కడం అలవాటు చేసుకున్నాను. మీరూ కొండవీడులో ఇదే సాధన చేయండి.

మెకంజీ పాస్ దిగేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. ఆ ప్రాంతంలో శీతాకాలంలో టైర్లకు పట్టు దొరకడానికి రోడ్ల మీద అగ్నిపర్వతపు రాతిపొడిని చల్లుతారు. సన్నటి, బరుకైన ఆ కంకర వసంతానికి రోడ్డు అంచులకూ మలుపుల లోపలి వైపుకూ చేరుతుంది. మన రోడ్ల మీద ఇసుక లారీ వెళ్ళిన మలుపులో సైకిలు ఎలా జారుతుందో అక్కడా అలాగే జారుతుంది. మంచు కరిగి ఆ తడి నేల మీద పారుతుంటే మరీ ప్రమాదం. పైగా అక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. ఎదురుగా ఏమీ రాని ఖాళీ రోడ్డు మీదే మన ఎడమచేతి అలవాటు మనకు తెలియకుండా బయటపడుతుంది. కార్లు లేకపోయినా మంచు తీసే యంత్రాలు, రోడ్డు బాగుచేసే ట్రక్కులు తిరుగుతుంటాయి, ఎదురుగా దిగివచ్చే సైకిళ్ళూ ఉంటాయి. ఎక్కేటప్పుడు చెమట పట్టిన ఒళ్ళు దిగేటప్పుడు మంచుగాలికి వణికిపోతుంది కాబట్టి, ఛాతీకి అడ్డంగా ఉండే చలికోటు ఒకటి, వేళ్ళు పూర్తిగా మూసే చేతితొడుగులు ఒక జత వెంట ఉండాలి. వేళ్ళు కొంకర్లు పోతే బ్రేకు పట్టదు.

ఇంత కష్టపడి పైకి వెళ్తే ఏముంటుందంటారా? దారి పొడవునా తోడు వచ్చిన దేవదారు జాతి చెట్లు కనుమ దగ్గరపడుతుండగా పలచబడి, రోడ్డుకు రెండు పక్కలా బొగ్గు కుప్పలు బోర్లించినట్టు నల్లటి రాళ్ళు మొదలవుతాయి. మైళ్ళకొద్దీ అవే. ఆ లావాలో కొన్ని ప్రవాహాలు సుమారు 1,500 ఏళ్ళ కిందటివి. అంటే ఇక్కడ కృష్ణాతీరాన్ని విష్ణుకుండినులు ఏలుతున్న కాలానికి అటూ ఇటూగా అక్కడ రాయి కరిగి పారుతోందన్నమాట. భూమి లెక్కలో అది నిన్నటి మాట. మట్టి ఏర్పడేంత కాలం ఇంకా గడవలేదు, పడిన నీరు నెర్రెల్లోంచి కిందికి ఇంకిపోతుంది, అందుకే పచ్చదనం చాలాచోట్ల తావు దొరకక ఆగిపోయింది. కనుమ మీద 1935లో అదే లావారాయితో కట్టిన డీ రైట్ అబ్జర్వేటరీ అనే చిన్న కట్టడం ఉంది. దాని గోడల్లోని కిటికీలను చుట్టూ ఉన్న అగ్నిపర్వత శిఖరాలకు సూటిగా అమర్చారు. సైకిలు కింద ఆనించి, లోపలికి వెళ్ళి, ఒక్కో కిటికీ దగ్గరా నిలబడి చూడండి. మీ ఆవిడ సైకిలు తొక్కకపోయినా గేటు నుంచి కొంతదూరం నడిచి రావచ్చు.

ఒకవేళ జూన్‌లో కుదరకపోయి సెప్టెంబరు దాకా అక్కడే ఉంటే, అదే రాష్ట్రంలో క్రేటర్ లేక్ జాతీయ వనంలో సాధారణంగా ఆ నెలలో రెండు శనివారాలు సరస్సుకు తూర్పున ఉన్న అంచు రోడ్డును కార్లకు మూసి, నడకకూ సైకిళ్ళకూ వదులుతారు. మౌంట్ మజామా అనే అగ్నిపర్వతం సుమారు 7,700 ఏళ్ళ కిందట పేలి తనలోకి తానే కూలిపోగా ఏర్పడిన గోతిలో నిలిచిన నీరే ఆ సరస్సు. దాని లోతు 594 మీటర్లు. చుట్టూ తిరిగే రోడ్డు మొత్తం 33 మైళ్ళు, అంటే 53 కిలోమీటర్లు. దానిలో పడమటి భాగం మీద ఆ రోజుల్లో కూడా కార్లు తిరుగుతాయి. ఎత్తు 2,400 మీటర్ల దాకా పోతుంది, పైగా ఒక ఎక్కుడు ముగిసేసరికి మరొకటి వస్తుంది. మెకంజీ పాస్ మీకు సులువనిపిస్తేనే దీనికి వెళ్ళండి.

ప్రశ్న: మాది మంగళగిరి. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కొండ ఒకప్పటి అగ్నిపర్వతమని, లోపలి గంధకం చల్లారడానికే స్వామికి పానకం పోస్తారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మేము నలుగురం స్నేహితులం రోజూ కొండ చుట్టుపక్కల సైకిళ్ళు తొక్కుతాం. మేము తొక్కేది అగ్నిపర్వతపు నేల మీదేనా? (ఒక విద్యార్థి, మంగళగిరి)

జవాబు: ఈ మాట నేనూ చిన్నప్పుడు విన్నాను, నమ్మాను కూడా. కానీ రాయి చెప్పే సాక్ష్యం వేరుగా ఉంది. మంగళగిరి, ఉండవల్లి, ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలన్నీ తూర్పు కనుమల రాళ్ళ కుటుంబానికి చెందినవి. వీటిలో ప్రధానమైన రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అంటారు. ఒడిశాలోని ఖోండు గిరిజనుల పేరు మీద ఆ పేరు వచ్చింది. అంతకుముందు, 19వ శతాబ్దంలో, ఇదే రాయిని బెజవాడ నైస్ (నైస్ అంటే చారల రాయి) అని పిలిచారు. మన ఊరి పేరు ఒక రాతికి పెట్టారన్న సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బంకమన్నూ ఇసుకా భూమి లోతుల్లోకి కూరుకుపోయి, అక్కడి వేడికీ ఒత్తిడికీ మారిపోయి ఈ రాయి ఏర్పడింది. వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. ఇది కరిగి పారిన లావా కాదు, మీ కొండ మీద ఉన్నది అగ్నిబిలమూ కాదు.

మీరే పరీక్షించుకోవచ్చు. కొండ అడుగున, దారి పక్కన రాలిపడిన రాతిముక్క ఒకటి తీసుకుని, తడి గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకుని చూడండి. మట్టిరంగు చారల మధ్య దానిమ్మ గింజ రంగులో చిన్న చిన్న ముద్దలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. గోటితో గీస్తే గీత పడదు. లావా వేగంగా చల్లారిన రాతిలో ఇంత పెద్ద గింజలు పెరిగే తీరిక ఉండదు. పానకం సంగతికి వస్తే, స్వామి సగం స్వీకరించి సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడన్నది భక్తుల విశ్వాసం. బిందెలు మోసుకుని మెట్లెక్కే ఆ భక్తికి గంధకం వాదన ఆసరా అవసరమని నేను అనుకోను. ఖొండలైట్ ఎండకూ వానకూ తొందరగా వదులయ్యే రాయి కాబట్టి, వానాకాలంలో మాత్రం కొండచరియల కింద సైకిళ్ళు ఆపి సేద తీరకండి.

అసలైన అగ్నిపర్వతపు రాయిని చూడాలంటే మీరు ఆరెగాన్ దాకా వెళ్ళనవసరం లేదు. ఏలూరు దాటి, గుండుగొలను మీదుగా కొవ్వూరు వైపు పోతుంటే దేవరపల్లి ప్రాంతంలో గౌరీపట్నం, ఆ తర్వాత పంగిడి వస్తాయి. అక్కడి క్వారీల్లో కొట్టే నల్లరాయి బసాల్ట్. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమిని ముంచెత్తిన లావా వయసూ, దీని వయసూ ఒకటే. గోదావరికి ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ ఇదే రాయి ఉంది. ప్రధానమైన లావా మైదానాలు ఎక్కడో మహారాష్ట్రలో, ఆదిలాబాదు వైపు ఉంటే, వాటికి ఇంత దూరంగా సముద్రతీరానికి దగ్గరలో ఈ చిన్న ముక్క ఎలా వచ్చింది? అప్పటి నదీలోయల వెంట లావా వందల కిలోమీటర్లు పారి ఇక్కడి దాకా వచ్చిందని, భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలలో ఇదొకటని, రాయిలోని రసాయనాలను పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. లావా పొరల మధ్య గవ్వలూ ఆల్చిప్పల శిలాజాలున్న సున్నపురాయి పొర కూడా దొరుకుతుంది. సముద్రపు నీరు అక్కడి దాకా వచ్చేదనడానికి అదే ఆనవాలు.

మీ వీధిలో రోడ్డు వేసేటప్పుడు పోసిన కంకర కుప్పలోంచి నల్లటి ముక్క ఒకటి ఏరి చూడండి. అది బసాల్ట్ అయితే గింజలేవీ కంటికి ఆనవు. కొన్ని ముక్కల్లో ఆవాలంత గుంటలు, వాటిలో తెల్లటి ఖనిజం నిండి ఉంటుంది. కరిగిన రాయిలోంచి ఆవిరి బుడగలు బయటికి పోబోయి చిక్కుకుపోయిన చోట్లు అవి. గౌరీపట్నం క్వారీల మధ్య సైకిళ్ళు తొక్కమని మాత్రం నేను సలహా ఇవ్వను. టిప్పర్ల రద్దీ, రాతిధూళి రెండూ ఊపిరితిత్తులకు శత్రువులే. లావా పొరలు మెట్లు మెట్లుగా పేరిన కొండల మీద తొక్కాలని మీ నలుగురికీ కోరికగా ఉంటే, సెలవుల్లో రైలెక్కి మహారాష్ట్రలోని వాయి నుంచి పాంచ్‌గని మీదుగా మహాబలేశ్వర్ వెళ్ళే ఘాట్‌కు వెళ్ళండి. ఈ రాళ్ళకు ట్రాప్ అన్న పేరు మెట్లు అనే అర్థమిచ్చే స్వీడిష్ మాట నుంచే వచ్చింది, అక్కడి కొండల వాలు చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో ఒక్క చూపులో తెలుస్తుంది. శని, ఆదివారాలు అక్కడ కార్ల జాతర. మంగళ, బుధవారాల్లో తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టండి.

ప్రశ్న: 2023 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఒక అగ్నిపర్వతం చుట్టూ తిరుగుతూ శిఖరానికి చేరే రోడ్డు టీవీలో చూశాను. ప్రేక్షకులు కూడా లేని ఆ రోడ్డు మీద ఎప్పటికైనా తొక్కాలని ఉంది. మామూలు మనుషులను రానిస్తారా? (ఒక పాఠకుడు, బ్రాడీపేట)

జవాబు: రానివ్వరు. ఆ కొండ ఫ్రాన్సులోని ప్యూయీ ద డోమ్, ఎత్తు 1,465 మీటర్లు. 2012లో శిఖరానికి పళ్ళపట్టాల రైలు వచ్చాక కార్లతో పాటు సైకిళ్ళనూ ఆ రోడ్డు మీద ఆపేశారు. రైలుపట్టా పక్కన మిగిలిన దారి అంత ఇరుకు. 1988 తర్వాత 2023లోనే టూర్ మళ్ళీ అక్కడికి వచ్చింది, ఆ రోజున కెనడాకు చెందిన మైకేల్ వుడ్స్ గెలిచాడు. చివరి నాలుగు కిలోమీటర్లలో చోటు లేకనే జనాన్ని రానివ్వలేదు. కార్లను ఆపినంత మాత్రాన రోడ్డు సైకిళ్ళదైపోదని చెప్పడానికి ఇది ఉదాహరణ. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు. అయినా చుట్టుపక్కల సుమారు 80 అగ్నిపర్వతాలు వరుసగా ఉన్న ఆ ప్రాంతాన్ని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి మధ్య ఊళ్ళను కలిపే చిన్న రోడ్ల మీద, సెసా కనుమ మీద తొక్కడానికి ఏ అడ్డూ లేదు.

ప్రశ్న: నేను తెనాలిలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మోకాళ్ళు ఎత్తులకు సహకరించవు. ఎక్కుడు లేకుండా అగ్నిపర్వతాల మధ్య, బండ్లు లేని దారిలో తొక్కే మార్గం ఎక్కడైనా ఉందా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: ఉందండీ. రైళ్ళు ఆగిపోయిన పాత పట్టాల దారుల మీద మీ కోరిక తీరుతుంది. ఆవిరి ఇంజను నిటారుగా ఎక్కలేదు కాబట్టి, ఒకనాటి ఇంజనీర్లు కొండను తొలిచో, లోయకు వంతెన వేసో, వాలును నూటికి రెండు మూడు దాటకుండా చూసుకున్నారు. ఇంజనుకు చేసిన ఆ ఉపకారం ఇవాళ మీ మోకాళ్ళకు దక్కుతుంది.

జర్మనీలో ఐఫెల్ అనే ప్రాంతంలో డౌన్ పట్టణం నుంచి మోజెల్ నది ఒడ్డున ఉన్న బెర్న్‌కాస్టెల్ దాకా సుమారు 58 కిలోమీటర్ల సైకిల్ దారి అలాంటిదే. అక్కడి అగ్నిపర్వతాలలో కొన్ని కొండల్లా పైకి లేవకుండా, భూగర్భజలం కరిగిన రాతికి తగిలి ఒక్కసారిగా ఆవిరై పేలడంతో గుండ్రటి గోతులుగా మిగిలాయి. వాటిని మార్ అంటారు. నీళ్ళు నిండిన ఆ గోతులు పైనుంచి చూస్తే మన ఊరి కోనేళ్ళలా కనిపిస్తాయి. స్పెయిన్‌లో ఒలోట్ నుంచి జిరోనా దాకా 54 కిలోమీటర్ల దారి మరొకటి. ఆ చిన్న పట్టాల రైలు 1969లో ఆగిపోయింది. ఒలోట్ చుట్టూ సుమారు 40 అగ్నిపర్వత శంకువులున్నాయి. ఒలోట్ దగ్గర మొదలుపెడితే కొంతదూరం మెల్లగా ఎక్కాక, ఆ తర్వాత ఎక్కువ భాగం దిగుడే. జిరోనా నుంచి మొదలుపెడితే ఆ దిగుడంతా మీకు ఎక్కుడవుతుంది, కాబట్టి ఆ వైపు నుంచి వెళ్ళకండి.

ఒలోట్ దగ్గర క్రోస్కాట్ అనే శంకువును తప్పక చూడండి. ఒకప్పుడు కంకర కోసం దాన్ని ఒక పక్క తవ్వుకుపోయారు, కేకు ముక్క కోసినట్టు లోపలి పొరలు బయటపడ్డాయి. తవ్వకం ఆపేశాక ఆ కోతను అలాగే ఉంచి జనానికి చూపిస్తున్నారు. ఎర్రటి పొర, నల్లటి పొర, మళ్ళీ ఎర్రటి పొర. మన గౌరీపట్నంలో కూడా, లావాకూ గవ్వల సున్నపురాయికీ మధ్య గీత స్పష్టంగా కనిపించే ఒక్క గోడనైనా అలా మిగల్చాలని నా కోరిక. అది పోతే మళ్ళీ తెచ్చుకోలేం.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్ళు. సైకిలు బాగా తొక్కుతుంది గాని రోడ్డు మీదకు పంపాలంటే నాకు భయం. విదేశాల సంగతి సరే, విజయవాడ చుట్టుపక్కల బండ్లు లేని కొండదారి మా పిల్లలకు ఎప్పటికైనా దొరుకుతుందా? (ఒక తల్లి, పటమట)

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది. ఈ రోజుకు దొరికేది మాత్రం వేళను బట్టే ఉంటుంది. ఆదివారం తెల్లవారి, వెలుతురు వచ్చాక మొదటి గంటలో ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు కరకట్ట మీద పెద్దవాళ్ళు ఇద్దరు, ఒకరు ముందు ఒకరు వెనక ఉండి, పిల్లను మధ్యలో ఉంచుకుని తొక్కవచ్చు. ఏడు దాటితే వెనక్కి వచ్చేయండి. రాజధాని ప్రాంతపు వెడల్పు రోడ్లు ఖాళీగా కనిపించినా, నిర్మాణపు టిప్పర్లు ఏ వైపు నుంచి ఎప్పుడు తిరుగుతాయో తెలియదు కాబట్టి పిల్లలతో వెళ్ళవద్దని నా సలహా.

ఎప్పటికైనా దొరుకుతుందా అన్న మాటకు, అడిగితే దొరుకుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. రోడ్డు మూయడం మనకు చేతకాని పని కాదు. దసరాకు అమ్మవారి దర్శనానికి వచ్చే జనం కోసం కెనాల్ రోడ్డు మీద బండ్లను ఆపి, దారులు మళ్ళించి, పది రోజులు నడుపుతాం. 2016 కృష్ణా పుష్కరాలకు పన్నెండు రోజులు అదే చేశాం. కొలంబియా రాజధాని బొగొటాలో 1974 నుంచి ఆదివారాలూ సెలవురోజులూ ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ప్రధాన వీధులను కార్లకు మూసి, మనుషులకూ సైకిళ్ళకూ వదులుతున్నారు. ఇప్పుడు ఆ వీధుల పొడవు కలిపితే 120 కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

మనం అంత అడగనక్కర లేదు. మొదటి జవాబులో మెకంజీ పాస్ గురించి చెప్పిన సంగతిని ఇక్కడ గుర్తు చేసుకోండి: మూస్తే ఎవరి పనీ ఆగని దారి అయితే మూయడం తేలిక. మనకు అలాంటివి రెండు ఉన్నాయి. కొండపల్లి ఖిల్లాకు వెళ్ళే దారి, కొండవీడు ఘాట్. రెండూ కొండమీది కోట దగ్గర ఆగిపోయేవే. వాటి మీదుగా మరో ఊరికి పోయేవారు లేరు. ఆదివారం ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, రెండే గంటలు, కింది గేటు దగ్గర కార్లనూ మోటారు సైకిళ్ళనూ ఆపితే చాలు. కోట చూడవచ్చేవారు ఎలాగూ ఎనిమిది తర్వాతే వస్తారు. ఇంద్రకీలాద్రి ఘాట్ పేరు మాత్రం ఎత్తకండి, అది భక్తుల దారి.

మీలాంటి తల్లులు పదిమంది సంతకాలతో జిల్లా కలెక్టరుకు అర్జీ రాస్తే, అందులో కోరికతో పాటు ఏర్పాటు కూడా ఉండాలి. పైన ఉద్యోగం చేసే సిబ్బందినీ, కొండమీది గుళ్ళ అర్చకులనూ ఐదున్నర లోపు ఎక్కనివ్వాలి. అంబులెన్సును ఎప్పుడైనా వదలాలి. ఎక్కే పిల్లలూ దిగే పిల్లలూ ఒకే రోడ్డు పంచుకుంటారు కాబట్టి, దిగేవారు బ్రేకు మీద చెయ్యి తీయకుండా ఎడమ అంచునే రావాలనీ, పెద్ద మలుపు ఒక్కొక్కదాని దగ్గర ఒక పెద్ద మనిషి నిలబడతారనీ రాయండి. మొదట నాలుగు ఆదివారాలకే అనుమతి అడగండి. గేటు తాళంచెవి ఆ రెండు గంటలూ ఎవరి దగ్గర ఉంటుందో కూడా అర్జీలోనే రాయండి, అధికారులు మొట్టమొదట అడిగేది అదే.